రాతి మీద వెంట్రుకంత గీత

తాకట్టు కొట్లో బంగారం చూసే పనికి ఈ మధ్య పిల్లలు చాలామంది వస్తున్నారు. ఎక్కడో మూడు నెలలు నేర్చుకుని, మెడలో కార్డు వేలాడేసుకుని దిగిపోతారు. మా చర్చిలోనే ఇద్దరున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక నేను చెప్పులు వెతుక్కుంటుంటే పట్టుకుంటారు. "అంకుల్, ఈ పనికి ఏటి ముఖ్యమండి? కన్నా, చెయ్యా?" అని అడుగుతారు. భయం ముఖ్యంరా అంటాను. నవ్వుతారు. ముసలాయనకి చాదస్తం అనుకుంటారు.

అనుకోనివ్వండి. ముప్పయ్యేళ్ళ పైన నేనీ పని చేశాను. మొదట రాజాంలో, ఆఖర్న భోగాపురంలో. రెండు కొట్లూ సావుకారు జగన్నాథం గారివే. జీతమెంత, ఎప్పుడు పెంచారు అనే సంగతులు మీకెందుకు? నాకే గుర్తులేవు. భయపడ్డ రోజులు మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు. వాటిలో ఒక రోజు సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, మా ఇంటావిడక్కూడా. ఇప్పుడు చెప్పొచ్చు. ఎందుకు చెప్పొచ్చో చివర్న చెబుతాను.

గాజు పలకకి అవతల

పిల్లలూ, మీరు కూర్చునేది కౌంటరు గాజు పలకకి ఇవతల. అవతల నిలబడ్డ మనిషిని వదిలేసి నగను చూడమని మీకు నేర్పుతారు. తప్పు. ముందు మనిషిని చూడండి. తాకట్టు కొట్టుకి ఎవరూ సరదాకి రారు. రాజాంలో నాట్ల ముందు రైతులు వచ్చేవారు, కాలేజీలు తెరిచేటప్పుడు తండ్రులు వచ్చేవారు, ఆస్పత్రికి వెళ్తూ వెళ్తూ ఆటో ఆపుకుని ఆడవాళ్ళు వచ్చేవారు. మెట్టెక్కే ముందు అందరూ వీధికి అటూ ఇటూ చూసేవాళ్ళే. ఎవరి కంటా పడకూడదని వాళ్ళ బాధ. అందుకే సావుకారు గారు పక్క సందులోంచి ఇంకో గుమ్మం పెట్టించారు. "నగ మట్టుకే పుచ్చుకుందాం ప్రకాశం. పరువు కూడా పుచ్చుకుంటే దాచడానికి బీరువా చాలదు" అనేవారు. ఆయన మంచివారా అంటే చెప్పలేను. వడ్డీ దగ్గర రాయి. మాట దగ్గర మర్యాదస్తుడు. ఆయన పక్కన ఇన్నేళ్ళు పనిచేసి కూడా ఆయన నవ్వితే నాకు భయంగానే ఉండేది.

నాకు పని నేర్పింది వీరాచారి తాత అనే ముసలి కంసాలి. కొట్టు అరుగు మీద కూర్చుని నా అరచేతిలో రెండు ఉంగరాలు పెట్టేవాడు. "కళ్ళు మూసుకోరా. రాయి కన్నా ముందల నీ సెయ్యి సెప్తాది. సెయ్యి సెప్పినప్పుడు ఇనకపోతే నీ కర్మ" అనేవాడు. బంగారం బరువు వేరు. అంతే మందం ఉన్న రాగి, ఇత్తడి అరచేతిలో తేలిపోతాయి. ఆరు నెలలకి నా చెయ్యి కూడా చెప్పడం నేర్చుకుంది. వినడం మాత్రం నేను నేర్చుకోలేదు.

స్టేషను బల్ల

రాజాంలో ఉన్నప్పుడు ఒకాయన గొలుసు తెచ్చాడు. మా ఆవిడది అన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం. గీటురాయి మీద గీశాను, మేలిమి. పుచ్చుకున్నాం. పది రోజులకి పోలీసులు ఆయన్ని జీపులో తీసుకొచ్చి మా కొట్టు చూపించమన్నారు. బస్సులో ఎవరో ముసలావిడ మెడలోంచి తెంపిన గొలుసు అది.

నన్ను స్టేషనుకి రమ్మన్నారు. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టారు. కొట్టలేదు, తిట్టలేదు. ఒక కానిస్టేబులు టీ కూడా ఇప్పించాడు. కానీ గుమ్మంలోంచి వచ్చే ప్రతివాడూ నన్ను చూసి, "ఈడేనా?" అని అడిగి లోపలికి వెళ్ళేవాడు. ఆ 'ఈడేనా' అనే మాట నా ఒంట్లో ఉండిపోయింది. ఇప్పటికీ ఖాకీ చొక్కా కనిపిస్తే రోడ్డు అవతలికి దాటిపోతాను.

మీకు పనికొచ్చే ముక్క ఒకటి చెబుతాను. తెంపిన గొలుసుకి కొక్కెం సాగి ఉంటుంది, పక్కన రెండు మూడు లింకులు కోలగా అయి ఉంటాయి. ఆ రోజు నేను గీటు చూశాను కానీ కొక్కెం చూడలేదు. చూడండి. దీన్ని ఇంతకు మించి సాగదీయను. నేను చెప్పవలసిన కథ ఇది కాదు. ఆ బల్ల మీద పట్టుకున్న భయమే తర్వాత నా చేత ఒక అబద్ధం ఆడించింది.

పుస్తె గియ్యకూడదు

మా వైపు కొట్లలో ఒక ఆచారం ఉంది. కోర్సులో చెప్పరు. పుస్తెలతాడు తాకట్టుకి వస్తే తాడు గీస్తాం, గుండ్లు గీస్తాం. పుస్తెలు మాత్రం రాయికి తగలనివ్వం. గీటురాయి నల్లగా ఉంటుంది. నగను దాని మీద లాగితే గీత పడుతుంది, ఆ గీత రంగును బట్టి సరుకేమిటో చెబుతాం. లాగినప్పుడు నగ ఇసుమంత అరుగుతుంది. పుస్తె అరిగితే మొగుడి ఆయుష్షు అరుగుతుందని నమ్మకం. సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఇది మరీ గట్టిది. మగవాడు నీటి మీద ఉండగా పుస్తె మీద గీత పడకూడదు. పడితే ఆ మనిషి ఒడ్డుకి రాడంటారు.

నేను బాప్టిస్టు వాణ్ణి. మా పెళ్ళిలో ఉంగరాలు మార్చుకున్నాం. నాకీ నమ్మకాలు లేవు. లేనప్పుడు మరి గియ్యొచ్చు కదా? అక్కడే ఉంది నా తప్పంతా. వీరాచారి తాత నమ్మినవాడు కాబట్టి ధైర్యంగా అడిగేవాడు. "అమ్మా, మీ ఆయన ఊళ్ళోనే ఉన్నాడా? అయితే దణ్ణం పెట్టుకుని ఒక్క పిసరు గీస్తాను" అనేవాడు. వాళ్ళు సరేననేవారు. నేను అడగడానిక్కూడా జంకాను. కిరస్తానం వాడు మన పుస్తె మీద చెయ్యేశాడు అంటారేమోనని. అలా ఇన్నేళ్ళలో ఒక్క పుస్తె గియ్యలేదు. చీటీ కింద మాత్రం 'నగలన్నీ గీటు చూడబడినవి' అన్న చోట నిక్షేపంగా సంతకం పెట్టేవాణ్ణి.

సావుకారు గారికి ఈ సంగతి తెలియదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

నూకరత్నం

ఆమె భోగాపురం దగ్గర ఒడ్డు ఊరి మనిషి. చేపలమ్ముకునేది. మొగుడు ఎర్రయ్య ఆ ఊరి మగవాళ్ళలాగే గుజరాత్ వెళ్ళి బోట్ల మీద పనిచేసేవాడు. ఎక్కితే నెలల తరబడి నీటి మీదే. పొరపాటున సరిహద్దు దాటితే అవతలి దేశం వాళ్ళు పట్టుకుపోతారు. ఆ ఊళ్ళో అలా వెళ్ళి ఏళ్ళ తరబడి తిరిగిరాని వాళ్ళు ఉన్నారు. అందుకే ఆ ఆడవాళ్ళు పుస్తెని ప్రాణంలా చూసుకుంటారు.

కూతురికి కడుపులో ఆపరేషను పడితే రత్నం పుస్తెలతాడు తాకట్టుకి తెచ్చింది. వెంట అత్త పోలమ్మ వచ్చింది. ఎండిన చేపలా సన్నగా ఉండేది పోలమ్మ, చెవులకి మాత్రం బరువైన పాతకాలం కమ్మలు. కోడలి మెడలో పసుపు కొమ్ము కట్టిన దారం తనే వేసి, అప్పుడు తాడు తీసి, నా చేతికి తనే ఇచ్చింది. పుస్తెలకి తడి పసుపు దట్టంగా పట్టించి ఉంది.

"గీసీకు బావూ" అంది పోలమ్మ. "నా కొడుకు నీటి మీదున్నాడు."

"గియ్యను తల్లీ, భయపడకు" అన్నాను.

పుస్తెలు రెండుంటాయి. ఒకటి పుట్టింటివారు పెట్టేది, ఒకటి అత్తింటివారు పెట్టేది. రెండూ ఒకే అచ్చు, ఒకే సైజు. అరచేతిలో పెట్టుకున్నాను. ఒకటి తేలిగ్గా అనిపించింది. అనిపించింది అంటున్నానా, అబద్ధం. చెయ్యి స్పష్టంగా చెప్పింది. పసుపు తడి వల్ల తేడాగా ఉందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కవర్లో పెట్టి, సీలు వేసి, సంతకం పెట్టాను. రత్నం పోతూ పోతూ కవరు వంక రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

"ఆ" అన్నాను

ఎనిమిది నెలల తర్వాత ఎర్రయ్య డబ్బు పంపాడు. ఇంకొక్క ట్రిప్పు వేసి, అమ్మవారి పండగకి ఊరొస్తానని ఫోను చేశాడు. తాడు విడిపించుకోవడానికి రత్నం వచ్చింది. ఈసారి అత్తతో పాటు మరిది సూరన్న కూడా వచ్చాడు. ఆ రోజు సావుకారు గారు రాజాం నుంచి వచ్చి లోపల కూర్చుని ఉన్నారు. బయట విమానాశ్రయం పనుల లారీలు వరసగా పోతున్నాయి. కొట్టు అద్దాలు దడదడలాడుతున్నాయి.

కవరు సీలు వాళ్ళకి చూపించి, చించి, తాడు రత్నం చేతిలో పోశాను. చూడకుండా పోశాను, అది ఇంకో తప్పు. ఆమె రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది. గోడ వైపు తిరిగి, కొంగు చాటున మెడలో వేసుకోబోయి ఆగిపోయింది.

"ఓలమ్మో! ఇదేటి బావూ? పుస్తెకి సిలుం పట్టినాది!"

చూశాను. పుస్తె అంచున, తాడు దూరే కంత చుట్టూ ఆకుపచ్చని చిలుము. బంగారానికి చిలుము పట్టదు.

"ఏటైనాది?" అని సూరన్న ముందుకొచ్చాడు. "ఏమైంది ప్రకాశం?" అని సావుకారు గారు లోపల్నుంచి లేచి వచ్చారు. పోలమ్మ మాత్రం ఉన్నచోటే నిలబడి ఒక్క మాట అడిగింది.

"ఏ పుస్తె? మాదా, ఆళ్ళదా?"

ఆ మాట నా చెవిలో పడింది కానీ బుర్రకి ఎక్కలేదు. రత్నం అత్తింటి పుస్తెనే పట్టుకుని చూపించింది. సావుకారు గారు నా పక్కకి వచ్చి నిలబడ్డారు. ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు.

"పుచ్చుకున్న రోజు రెండు పుస్తెలూ గీశావు కదా, ప్రకాశం?"

ఆ 'కదా'లో అంతా ఉంది. గియ్యలేదంటే ఇన్నేళ్ళ సంతకాలూ దొంగ సంతకాలే. ఆ క్షణాన నా కళ్ళ ముందు రాజాం స్టేషను బల్ల కనిపించింది. 'ఈడేనా?' అన్న మాట వినిపించింది.

"ఆ" అన్నాను.

ఒక్క అక్షరం. దానితో నేను బయటపడ్డాను, రత్నం ఇరుక్కుంది. సావుకారు గారు నెమ్మదిగా లెక్క కట్టి చెప్పారు. పుచ్చుకున్న రోజు బంగారమే. సీలు మీ కళ్ళ ముందే విప్పాం, చెదరలేదు. నీ చేతికి వచ్చాక, నువ్వు గోడ వైపు తిరిగాక మారింది. నీ కొంగులో ఏముందో చూపించమ్మా, లేకపోతే స్టేషను రెండడుగులు.

"నానేటి సేసినాను బావూ!" అంటూ రత్నం కొంగు దులిపింది. రెండు బస్సు టికెట్లు, ఒక తాళంచెవి రాలాయి. సూరన్న వాటిని చూడలేదు. వాడి మొహం మారిపోయింది.

"ఇక్కడ మార్సిందో, ముందలే మార్సీసిందో! అన్న ఊళ్ళో లేనప్పుడు మా పుస్తె ఎవుడికిచ్చినావే? సెప్పు! పెద్దల్లో నిలబెట్టి అడిగిస్తాను."

మొగుడు దూరాన ఉన్న ఆడదాన్ని ఆ మాట అంటే ఏమవుతుందో ఆ ఊరి సంగతి తెలిసిన వాళ్ళందరికీ తెలుసు. కులపెద్దల ముందు నిలబెడతారు. ఎర్రయ్య వచ్చేసరికి ఆమెకి ఇల్లు ఉండదు, పిల్ల కూడా ఉండకపోవచ్చు. ఇదంతా నేనన్న 'ఆ' వల్ల. ఆమె నా వైపే చూస్తోంది. "నువ్వు సెప్పు బావూ, ఆరోజు అత్త నీకెలగిచ్చిందో నువ్వు సూసినావు కదా" అంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

రాయి తీశాను

నాకేదో ధైర్యం వచ్చిందని రాస్తే మీరు నమ్మకండి. అంతకన్నా పెద్ద భయం వచ్చిందంతే. ఈమె ఇలాగే బయటికి పోతే, రేపు ఏ బావిలోనో తేలిందని వింటే, నేనేం తిని ఎలా పడుకోవాలి? ఆ భయం ముందు స్టేషను బల్ల చిన్నదైపోయింది.

"సావుకారు గారూ, నేను అబద్ధం చెప్పాను" అన్నాను. "ఆ రోజు పుస్తెలు గియ్యలేదు. ఎప్పుడూ గియ్యలేదు. ఎవరివీ గియ్యలేదు."

ఆయన నా వంక చూశారు. తిట్టలేదు. "అయితే ఇప్పుడు గియ్యి" అన్నారు.

సొరుగులోంచి రాయి తీసి గాజు పలక మీద పెట్టాను. పుస్తెను వెలుతురులో పట్టుకుని చూశాను. తాడు దూరే కంత ఒరిపిడికి అరిగి నున్నగా ఉంది. ఏళ్ళ తరబడి మెడలో ఊగిన అరుగుదల అది. నిన్నా మొన్నా మార్చిన వస్తువు కాదు. పైన బంగారు రేకు, లోపల ఇంకేదో. ఒక్కసారి గీస్తే లోపలి సరుకు తేలిపోతుంది. ఆ రేకు పనివాళ్ళు ఇప్పుడు లేరు కూడా. పాత పని అని అందరికీ చూపించొచ్చు, రత్నం మీద పడ్డ మాట పోతుంది.

"వద్దు బావూ!" రత్నం గాజు పలక మీదికి వంగిపోయింది. "గీసీకు! ఆయన నీటి మీదున్నాడు! నన్ను దొంగంటే అననీ, స్టేషన్లో ఎట్టనీ, గీసీకు!"

"గియ్యమను!" అని సూరన్న అరిచాడు. "భయమేటికి, ఏటీ సెయ్యకపోతే?"

తన పేరు నిలబెట్టుకోవాలంటే మొగుడి ప్రాణం మీద గీత పడాలి. ఆమె లెక్క అది. మీకు నవ్వులాట కావచ్చు. ఆ మొహం చూసుంటే నవ్వరు. నేను పుస్తెను రాయి మీద ఆనించాను. నా చెయ్యి వణుకుతోంది.

అప్పుడు పోలమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆ ఎండు చేతిలో అంత బలం ఎక్కడిదో!

"ఆగు బావూ! నా కొడుకు... గీసీకు. అది రాగే. నానే సేయించినాను."

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మొదట్నే ఆ ముసలిది 'ఏ పుస్తె' అని అడిగింది. ఏమైంది అని అడగలేదు. నాకప్పుడు తలకెక్కింది.

"పెళ్ళేడు తుపానొచ్చి పడవ పోనాది" అంది పోలమ్మ. ఎవరి వైపూ చూడలేదు, నా మణికట్టు వదలలేదు. "సేతిలో ఏటీ నేదు. పుస్తె నేకండా పెళ్ళేటి? రాగి మీద రేకేయించినాను. రేపు మార్సుదాం, మాపు మార్సుదాం అనుకున్నాను. పన్నెండేళ్ళు ఎలిపోనాయి. ఎవులూ సూడకండా నానే గుచ్చీదాన్ని, నానే పసుపెట్టీదాన్ని. రోజూ సచ్చినాను బావూ."

సూరన్న తల దించుకున్నాడు. రత్నం అరవలేదు.

"దీని మీద నా సేత ఎన్ని ఒట్లేయించినావు అత్తా? 'పుస్తె ముట్టుకోని సెప్పే' అనీదానివి కదా. ఎవులితో మాటాడినా, ఎక్కడ ఆలిసెమైనా పుస్తె ముట్టుకునీదాన్ని. రాగి ముట్టుకున్నానా ఇన్నేళ్ళూ?"

పోలమ్మ నా మణికట్టు వదిలేసింది. రత్నం చెయ్యి చాచింది.

"ఇచ్చీ బావూ. మడిసి ఒడ్డుకొచ్చేదాకా ఇదే కట్టుకుంటాను."

ఇచ్చాను. చిలుముని కొంగుతో తుడుచుకుని మెడలో వేసుకుంది. ముగ్గురూ మెట్లు దిగిపోయారు. సావుకారు గారు లోపలికి వెళ్తూ వెళ్తూ, "రాజాంలో బంగారం చూసే మిషన్ కొన్నాం కదా, ఇక్కడికీ ఒకటి కొంటాను. గీతలక్కర్లేదు" అన్నారు. అంతే. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

రాయి లోపల పెట్టబోయి దాని వంక చూశాను. నల్లటి రాయి మీద వెంట్రుకంత గీత. ఎర్రటి గీత. పోలమ్మ నా మణికట్టు పట్టుకునేలోపే, నా చేతి వణుకుకి పుస్తె అంచు రాయిని రాసుకుంది.

నెలా పది రోజులు

నాకు నమ్మకాలు లేవని పైన రాశాను. ఆ వాక్యం కొట్టేయాలి కాబోలు.

అమ్మవారి పండగ వచ్చింది, వెళ్ళింది. ఎర్రయ్య రాలేదు. ఫోను కలవడం లేదట. ఆ వారంలోనే అటువైపు సముద్రంలో వాయుగుండం అని టీవీలో చెప్పారు. కొట్టు ముందు నుంచి చేపల గంపలతో వెళ్ళే ఆడవాళ్ళని ఆపి, చేపలు బేరమాడుతున్నట్టు నటించి అడిగేవాణ్ణి.

"ఎర్రయ్య వచ్చాడా?"

"రానేదు బావూ. బోటు జాడే నేదంట. రత్నం తిండి మానీసినాది."

ఆ రాయిని గుడ్డలో చుట్టి సొరుగు అడుగున పెట్టేశాను. కొత్త రాయి వాడుకున్నాను. మైనం రుద్దితే గీత నిమిషంలో పోతుంది. రుద్దలేదు. చెరిపేస్తే ఆ మనిషినే చెరిపేసినట్టు అవుతుందేమోనని భయం, ఉంచితే ఏమవుతుందోనని భయం. చదువుకున్నవాణ్ణి, సువార్త కూటాల్లో సాక్ష్యం చెప్పినవాణ్ణి, ఒక వెంట్రుక ముందు పిల్లాడిలా అయిపోయాను. వీరాచారి తాత బతికుంటే వెళ్ళి కాళ్ళు పట్టుకునేవాణ్ణి.

ఆదివారం ప్రార్థన విన్నపాలు చెప్పమంటే లేచి నిలబడ్డాను. "ఒక మనిషి సముద్రం మీద ఉన్నాడు. అతని కోసం ప్రార్థించండి" అన్నాను. పేరు చెప్పలేదు. ఇంటికి వెళ్తుంటే మా ఇంటావిడ అడిగింది, "ఎవరండీ ఆ మనిషి? మనకి సముద్రం మీద ఎవరున్నారు?" తెలిసినవాళ్ళు అన్నాను. ఆమె నా మొహం చూసి మళ్ళీ అడగలేదు. ప్రతి ఆదివారం అదే విన్నపం చెప్పాను. ఎందుకొచ్చిన గొడవ, రాయి విసిరేసి చావొచ్చు కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఎక్కడ విసరను? సముద్రంలోనా?

నెలా పది రోజులకి గంపల ఆడమనిషి ఒకామె తనే ఆగి చెప్పింది. బోటు ఇంజను చెడిపోయి కొట్టుకుపోయిందట, ఏదో వేరే రేవుకి చేరారట. ఎర్రయ్య రైలెక్కాడట. ఆ రోజు చేపలు నిజంగానే కొన్నాను. మా ఇంటావిడ ఎందుకిన్ని అంటే చవగ్గా వచ్చాయన్నాను.

మడిసి నేల మీదున్నాడు

పిల్లలూ, మీకు పనికొచ్చే మాట ఇక్కడ రాసేస్తాను. చెయ్యి చెబితే వినండి. చూడనిది చూశానని సంతకం పెట్టకండి. అడగడానికి భయపడి ఆచారం వెనక దాక్కోకండి. "మీ ఆయన ఊళ్ళోనే ఉన్నాడామ్మా?" అని అడగండి. ఇప్పుడు మిషన్లున్నాయి, గీత పడదు. అయినా అడగండి. అవతల నిలబడ్డ ఆమెకి అది ముఖ్యం.

పోలమ్మ పోయినేడు కాలం చేసింది. అందుకే ఈ సంగతి ఇప్పుడు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో ఎర్రయ్య వచ్చిన వారానికి వాళ్ళు కొట్టుకి వచ్చారు. ఎర్రయ్య నల్లగా మాడి, కూతుర్ని చంకనేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పోలమ్మ బయట మెట్టు మీద కూర్చుంది. చెవులు బోసిగా ఉన్నాయి. రత్నం ఒక్కతే గాజు పలక దగ్గరికి వచ్చి, కాగితం పొట్లం విప్పింది. కొత్త పుస్తె, మెరుస్తోంది.

"అత్త కమ్మలు కరిగించి సేయించినాది. కంసాలి బంగారమే అన్నాడు. అయినా నువ్వు సూడాల" అంది.

అప్పటికి మిషన్ వచ్చేసింది. దాని మూత తీయబోయాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మిషనొద్దు. రాయి తియ్యి బావూ. ఇప్పుడు గియ్యొచ్చు. మడిసి నేల మీదున్నాడు."

ఏ రాయి తియ్యను? చేతికి అందింది సొరుగు అడుగున గుడ్డలో ఉన్నదే. కావాలని తీశానో, పొరపాటున తీశానో ఇప్పటికీ చెప్పలేను. గుడ్డ విప్పి పలక మీద పెడుతూ, ఆ గీత కనపడకుండా బొటనవేలు అడ్డం పెట్టాను.

రత్నం నా వేలు వంక చూసింది. గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఏలు తియ్యి బావూ. ఆరోజే సూసినాను."

నెలా పది రోజులు నేనొక్కణ్ణే మోశాననుకున్నాను. నేను ఆదివారాలు లేచి నిలబడుతున్నప్పుడు, ఈమె ఆ ఇంట్లో, అదే పుస్తె మెడలో వేసుకుని, అదే గీతను మోస్తూ తిండి మానేసింది. ఒక్క మాట బయట పెట్టలేదు.

"ఎవరికైనా చెప్పావా తల్లీ?" అన్నాను.

"ఎవులికీ సెప్పనేదు. అత్తకి తెలిస్తే కొడుకు వచ్చేదాకా బతుకుతాదేటి? తన వల్లే గీత పడినాదని ఆ రోజే సచ్చిపోయీది. నువ్వూ సెప్పకు బావూ. ఎప్పుడూ సెప్పకు."

"చెప్పను" అన్నాను.

వేలు తీశాను. కొత్త పుస్తెను ఆ ఎర్ర గీత పక్కనే ఆనించి లాగాను. గీత వంకరగా పడింది కానీ పసుపుపచ్చగా పడింది. బయట మెట్టు మీద నుంచి పోలమ్మ అడిగింది.

"ఏటి బావూ, బంగారమేనా?"

"బంగారమే తల్లీ" అన్నాను.